నలభై నాలుగు కిలోల లోపు ఒక ప్రయాణం

లోకంలో గొప్ప ప్రయాణాలన్నీ ఏదో ఒక ఉన్నతాశయంతో మొదలయ్యాయని బడిలో చదువుకున్నాను. నా ప్రయాణం ఎనిమిది వందల గ్రాములతో మొదలైంది. ఆ గ్రాములు నావి కావు, మా చెల్లెలివి. మా చెల్లెలు వన్నూరమ్మ పదో తరగతి చదువుతోంది. బడిలో పి.ఇ.టి. సారు నాలుగేళ్ళుగా ఆమెకు జూడో నేర్పారు. రాయదుర్గానికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న మా పల్లెలో జూడో అంటే ఆడపిల్లలు తెల్ల దుప్పటి చుట్టుకొని కొట్లాడుకోవడమనే ఇప్పటికీ చాలామంది అభిప్రాయం. అనంతపురంలో మున్సిపాలిటీవారి ఇండోర్ స్టేడియంలో జిల్లా పోటీలు పెడుతున్నారనీ, ఒక్కో బరువు వర్గంలో మొదటి స్థానం వచ్చిన పిల్లకు స్పోర్ట్స్ హాస్టల్లో సీటు ఇస్తారనీ, తిండీ చదువూ ఉచితమనీ సారు చెప్పారు. మా వన్నూరమ్మది నలభై నాలుగు కిలోల లోపు వర్గం. పోటీకి మూడు రోజుల ముందు రాయదుర్గంలో మందుల షాపు ముందున్న మిషనెక్కితే నలభై నాలుగూ ఎనిమిది వందలు చూపించింది. నలభై నాలుగు దాటితే నలభై ఎనిమిది కిలోల వర్గంలో ఆడాలి. అక్కడ పోయిన ఏడు ఒకమ్మాయి మా చెల్లెల్ని ఎత్తి పడేసిన తీరు చూస్తే, లారీలోంచి బస్తా దింపడం కూడా కొంచెం మర్యాదగా ఉంటుందనిపించింది.

సీటు రాకపోతే ఏమిటన్నది మా ఇంట్లో అప్పటికే తేలిపోయింది. జూన్ నుంచి రాయదుర్గంలో జీన్సు కుట్టే యూనిట్లో కూర్చోవాలి. పక్కింటి అక్క మాట్లాడి పెట్టింది కూడా. వరసగా మూడేళ్ళు చెనక్కాయ పంట ఎండిపోయిన ఇంట్లో చర్చలు పొడుగ్గా సాగవు. "సీటొస్తే చదువుతాది, రాకుంటే కుడతాది" అని మా నాయన ఒక్క వాక్యంలో తీర్మానం చేశాడు. వన్నూరమ్మ రాగిముద్ద సగానికి సగం తగ్గించి, చివరి రోజు సాయంత్రం కంచం ముందుకే రాలేదు. సారుకు పరీక్షల డ్యూటీ పడింది. నాయనకు ఎద్దులను వదిలి వచ్చే వీలు లేదు. బి.కాం. రెండో తరగతిలో ఉత్తీర్ణుడనై, ఆ తర్వాత ఏ పనీ లేకుండా దేశసేవకు అందుబాటులో ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. కాబట్టి టీం మేనేజరుగా నన్ను నియమించారు. టీములో ఉన్నది ఒక్క మనిషి. ఆ మనిషి ఆకలితో ఉంది.

మీలో ఎవరైనా పిల్లల్ని ఇలాంటి పోటీలకు తీసుకెళ్ళాలనుకుంటే దారి చెబుతాను. రాయదుర్గం బస్టాండులో ఉదయం ఏడుంబావుకు కళ్యాణదుర్గం మీదుగా అనంతపురం పోయే ఆర్టీసీ బస్సుంది. టికెట్టు నలభై ఎనిమిది. దూరం వంద కిలోమీటర్లకు కాస్త తక్కువ, సమయం మూడున్నర గంటలు. కణేకల్లు, ఉరవకొండ మీదుగా కూడా పోవచ్చు గానీ బస్సు మారాలి. బరువు చూసేది పదకొండున్నర నుంచి ఒంటిగంట వరకు. లెక్కప్రకారం మాకు ముప్పావుగంట మిగలాలి. బస్టాండు ముందున్న ఉగ్గాని బండి దాటడమే మాకు మొదటి గండం. బొరుగులు నానబెట్టి, ఉల్లిపాయ తాళింపు వేసి, పైన పప్పుల పొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి ఇస్తున్నాడు ఆ మహానుభావుడు. వన్నూరమ్మ ఊపిరి బిగబట్టి, ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని, శవం పక్క నుంచి పోతున్నట్టు తల తిప్పుకుని నడిచింది.

"నువ్వు తిను న్నా. నేను చూడను లే" అంది బస్సెక్కాక.

"నాకాకలి లేదు మే" అన్నాను. అది ఆ రోజు నేను చెప్పిన మొదటి అబద్ధం. అంతకంటే పెద్ద త్యాగం నా జీవితంలో లేదు కాబట్టి ఇక్కడ నమోదు చేస్తున్నాను.

కరువు సీమలో ఆకలితో ప్రయాణం చేయడం సులభమని మీరనుకోవచ్చు. నిజానికి అంత కష్టమైన పని ఇంకోటి లేదు. మా దగ్గర వానే తక్కువ, పెట్టే చెయ్యికి కొదవ లేదు. ఊరు దాటి పది నిమిషాలు కాలేదు, మా పక్కన కూర్చున్న అవ్వ కొంగు మూట విప్పింది. లోపల వేయించిన చెనక్కాయలు, బెల్లం ముక్క.

"పట్టు పాపా" అంది అవ్వ, దోసెడు తీసి.

"వద్దవ్వా, దానికి కడుపు బాగలేదు" అన్నాను నేను.

"కడుపు బాగలేకుంటే బెల్లం తినల్ల. పట్టు."

"ఉపవాసమవ్వా."

"ఈ పొద్దు యా దేవునికప్పా ఉపవాసం?" అవ్వ నా మొహంలోకి చూసింది. నేను పంచాంగమంతా వెతికినా ఆ రోజుకు సరిపడే దేవుడు దొరకలేదు.

"కాటాకవ్వా" అంది వన్నూరమ్మ కిటికీలోంచి బయటికే చూస్తూ. "ఈ పొద్దు నన్ను తూకమేస్తారు."

అవ్వకు అది అర్థం కాలేదు గానీ అవమానం మాత్రం అర్థమైంది. "చదువుకున్నోల్లకు మా కొంగులో కాయలు యాడ పనికొస్తాయి లే" అంది. పెట్టింది కాదంటే మా పక్క అది తిట్టుతో సమానం. కుటుంబ గౌరవం కాపాడేందుకు చెల్లెలి వాటా, నా వాటా రెండూ నేనే తినాల్సి వచ్చింది. ఒక్కో కాయ ఒలుస్తుంటే పక్కన మా చెల్లెలి గొంతు గుటక వేయడం వినిపించేది. కళ్యాణదుర్గం చేరేసరికి ఆమె ఎంత తగ్గిందో తెలియదు, నేను మాత్రం పావుకిలో పెరిగాను.

కళ్యాణదుర్గంలో బస్సు పది నిమిషాలు ఆగాలి. పాతిక నిమిషాలైనా డ్రైవరు టీ గ్లాసు వదల్లేదు. నా గుండె గడియారంలా కొట్టుకోవడం మాని మోటారులా కొట్టుకోవడం మొదలుపెట్టింది. దిగి వెళ్ళి అడిగాను. "అన్నా, పదకొండుకు చేరతామా?"

"చేరతాం."

"కచ్చితంగా?"

"పదకొండుకు చేరకుంటే పదకొండున్నరకు చేరతాం. యాడికప్పా అంత తొందర, పెండ్లి చూపులకా?"

"పోటీలకన్నా. మా చెల్లెలు జూడో ఆడతాది."

డ్రైవరు గ్లాసు దించి కిటికీ వైపు చూశాడు. కిటికీకి తల ఆనించి, కళ్ళు మూసుకుని, పెదాలు ఎండిపోయి ఉంది మా జిల్లా ఆశాకిరణం. "ఆ పిల్లా? గాలొస్తే పడిపోయేట్టుండాదే. ముందు దానికి రొండు ఇడ్లీలు పెట్టప్పా" అన్నాడు. కానీ ఆ తర్వాత బండి నడిపిన తీరు చూస్తే ఆయనకు కూడా ఆడపిల్లలున్నారనిపించింది. దారికి రెండు వైపులా బీడు భూములు, నల్లరాతి గుట్టలు, ఆకు రాలిన తుమ్మచెట్లు వెనక్కి పరిగెత్తాయి. పదకొండూ అయిదుకు అనంతపురం బస్టాండులో దిగాం.

ఆటోవాడు స్టేడియం పేరు వినగానే "ఆటలకా, పాటలకా?" అన్నాడు. ఆ రోజు సాయంత్రం అదే హాల్లో మ్యూజికల్ నైట్ ఉందట. "ఆటలకు" అన్నాను. "అయితే ఇరవై. పాటలకైతే ముప్పై." కారణం అడిగితే, "పాటలకొచ్చేటోల్లు బేరమాడరప్పా" అన్నాడు. ఇరవైకే ఎక్కాం.

స్టేడియం గురించి రెండు మాటలు. బయటి నుంచి చూస్తే పెద్ద పీపాను నిలువునా కోసి బోర్లించి పెట్టినట్టుంటుంది. లోపల చెక్క నేల, దాని మీద షటిల్ గీతలు, బాస్కెట్‌బాల్ గీతలు, వాలీబాల్ గీతలు ఒకదాని మీద ఒకటి వేసి ఉంటాయి. ఏ ఆటకు ఏ రంగో తెలియకపోతే మనం షటిల్ ఆడుతూ వాలీబాల్‌లో ఔటయ్యే ప్రమాదముంది. మూడు వైపులా సిమెంటు మెట్ల గ్యాలరీ, నాలుగో వైపు స్టేజీ. ఊరి సొత్తు కాబట్టి ఊరికి కావలసినవన్నీ అందులోనే జరుగుతాయి. పొద్దున కుస్తీ, మధ్యాహ్నం రక్తదానం, సాయంత్రం పాటలు. మేము వెళ్ళేసరికి స్టేజీ మీద ఆర్కెస్ట్రావాళ్ళు గుడ్డలు కడుతున్నారు, కింద మధ్యలో జూడో పరుపులు పరిచి ఉన్నాయి. ఆటలకు ప్రవేశం ఉచితం, వెనక గేటు. పాటలకు టికెట్టు యాభై, వంద, రెండు వందలు, ముందు గేటు. ఈ రెండు గేట్ల సంగతి తర్వాత నా ప్రాణం మీదికి తెచ్చింది కాబట్టి గుర్తుపెట్టుకోండి.

కరెంటు పదకొండుకే పోయింది. బరువు చూడడానికి తెచ్చిన ఎలక్ట్రానిక్ మిషను నల్లగా మొహం మాడ్చుకుని పక్కన కూర్చుంది. నిర్వాహకుల్లో ఎవరో తెలివైనవారు దగ్గర్లో ఉన్న చెనక్కాయల మండీ నుంచి ఇనుప కాటాను, దాంతోపాటు కాటాదారునూ పిలిపించారు. బస్తాలు ఎక్కించి, అడ్డంగా ఉన్న కమ్మీ మీద గుండు జరిపి తూకం చూసే కాటా అది. కాటాదారు పేరు పుల్లన్న. తలకు తువ్వాలు, చెవి మీద పెన్సిలు. పక్కన కుర్చీలో ఒక మేడం, ఆమె ఒళ్ళో రిజిస్టరు. పుల్లన్న అరవాలి, మేడం రాయాలి, అదీ ఏర్పాటు.

మొదటి పిల్ల కాటా ఎక్కగానే పుల్లన్న కంచుగొంతుతో "లాభం!" అని అరిచాడు. మేడం ఉలిక్కిపడింది. మా పక్క మండీలో మొదటి బస్తాను ఎవ్వరూ ఒకటి అనరు, లాభం అంటారు, రెండు నుంచే లెక్క. ఆ పిల్ల తనకేదో బహుమతి వచ్చిందనుకుని దండం పెట్టి దిగింది. "కదలగాకండి తల్లీ, బస్తా కదిల్తే ముల్లు నిలబడదు" అంటూ పుల్లన్న ఒక్కొక్కరినే తూస్తున్నాడు. గుండు జరిపే వేగం, ముల్లు చూసే చూపు అద్భుతం. బస్తాల మీద ముప్పై ఏళ్ళ అనుభవం ఆయనది.

మా చెల్లెలి వంతు వచ్చింది. నేను కళ్ళు మూసుకుని ముక్కోటి దేవతలకు ఉమ్మడి దరఖాస్తు పెట్టుకున్నాను. కమ్మీ కిర్రుమంది. "నలభై మూడుం ఇన్నూరు!" అని అరిచాడు పుల్లన్న. మేడం నలభై మూడూ రెండు వందలని రాసేసింది. నా కాళ్ళలోంచి ప్రాణం పోయి తలలోంచి మళ్ళీ వచ్చింది. ఎనిమిది వందల గ్రాములు కాదు, ఏకంగా కిలోన్నరకు పైగా తగ్గింది నా చెల్లెలు! బయటికెళ్ళి ఏం తినిపించాలో మనసులో మెనూ కూడా తయారైంది.

వన్నూరమ్మ కాటా దిగలేదు. తల తిప్పి కమ్మీ వైపు చూస్తోంది.

"అన్నా, గుండు నలభై నాలుగుం ఇన్నూరు కాడుండాది. నువ్వు నలభై మూడంటివి."

"అవును పాపా. తరుగు తీసినా."

"దేనికి తరుగు?"

"మట్టికి, తేమకు. కిలో. నీకొక్కదానికే కాదు, పొద్దున్నుంచీ అందరికీ తీసినా. మన కాడ తేడా ల్యా" అన్నాడు పుల్లన్న నిండు నిజాయితీతో. మండీలో ప్రతి బస్తాకూ కిలో తరుగు తీసి పలకడం ఆ నోటికి అలవాటు. ముప్పై ఏళ్ళుగా ముల్లు ఒకటి చూపిస్తే ఆయన నోరు ఇంకోటి చెబుతోంది.

ఈ లోకంలో అన్నలకు ఒక టెలిపతీ ఉంటుందంటారు. నేను నా శక్తినంతా ఉపయోగించి "దిగు మే, నోరు మూసుకుని దిగు" అని నిశ్శబ్దంగా గర్జించాను. ఆ రిజిస్టరులో నలభై మూడుంది. ఆ నలభై మూడు పక్కన హాస్టలుంది, చదువుంది. ఆమె నోరు విప్పితే ఉండేది జిప్పులు కుట్టే మిషను.

"నాకు యాడుండాది మట్టి?" అంది వన్నూరమ్మ.

"నీకే మంచిది గదా పాపా, బరువు తగ్గినావు. దిగు."

"మండీలో మా నాయనకు గూడా ఇట్లనే చెప్తారు. దిగను. సరింగా పలుకు."

హాల్లో నవ్వు పుట్టింది, తర్వాత గొడవ పుట్టింది. మేడం రిజిస్టరులో అన్ని అంకెలకూ కిలో కలిపేసింది. కలిపితే మా వర్గంలో ఇద్దరు పిల్లలు గీత దాటారు. ఒకరు ఇన్నూరు గ్రాములు ఎక్కువున్న మా వన్నూరమ్మ. రెండోది కదిరి నుంచి వచ్చిన షమీమ్, ఆరు నూర్లు ఎక్కువ. ఒంటిగంటన్నర దాకా గడువిస్తామనీ, అప్పటికి తగ్గితే సరే, లేకపోతే పై వర్గమేననీ మేడం చెప్పింది.

షమీమ్ వాళ్ళ నాయన లారీ డ్రైవరు మహబూబ్ బాషా. ఆరడుగుల మనిషి, నా ముందుకొచ్చి నిలబడితే నాకు వెలుతురు తగలడం మానేసింది. "ఏమప్పా, నీ చెల్లెలు నోరు మూసుకోనుంటే ఇద్దరూ లోపలుందురు గదా. నీ ఇంటి దీపం ఆర్పి మా ఇంటి దీపం గూడా ఊదె గదప్పా!" అన్నాడు. దీనికి జవాబు బి.కాం.లో చెప్పలేదు.

ఇద్దరు పిల్లలూ పరుగు మొదలుపెట్టారు. నా జర్కినొకటి వన్నూరమ్మ వేసుకుంది, వాళ్ళ నాయన స్వెట్టరు షమీమ్ వేసుకుంది. ఫిబ్రవరి చివర, మిట్టమధ్యాహ్నం, రేకుల కప్పు కింద, ఫ్యాన్లు లేని హాలు. ఒక్కో చుట్టుకూ వాళ్ళ మొహాలు ఎర్రబడుతున్నాయి. స్టేజీ మీద డ్రమ్ము వాయించే కుర్రాడు మొదట నవ్వాడు, తర్వాత వాళ్ళ అడుగులకు సరిగ్గా తాళం వేయడం మొదలుపెట్టాడు. వాళ్ళు నెమ్మదించినప్పుడల్లా వాడు వేగం పెంచేవాడు, ఆ పిచ్చి పిల్లలు తాళంతోపాటు పరిగెత్తేవాళ్ళు. నేను పక్కనే పరిగెత్తుతూ నీళ్ళ సీసా పట్టుకున్నాను. తాగడానికి కాదు, మొహం తుడవడానికి.

"ఎందుకు పలికినావు మే?" రొప్పుతూ అడిగాను. "మేడమే రాసుకునె గదా."

"అందరికీ కిలో తీస్తే నా మీదికి కిలో ఎక్కువున్నోల్లు వస్తారు గదా. నీకు లెక్కలు రావా న్నా? బీకామంటివి."

"అంతేనా?"

ఆమె ఇంకో సగం చుట్టు పరిగెత్తింది. "నాయన బస్తాలు కాటా మింద పెట్టినప్పుడల్లా నేను పక్కనే ఉంటా. వాల్లు తరుగంటారు, నాయన నేల చూస్తాడు. ఒక్కసారన్నా ఎందుకని అడగడు." అంతే అంది. తర్వాత ముందుకు పోయింది. నాకు ఆ చుట్టులో ఆయాసం ఎక్కువై ఆగిపోయాను.

ఒంటిగంటా పదికి నాకు ఇంకో భయం పట్టుకుంది. మళ్ళీ తూసేది ఆ ఇనుప కాటా మీదే. ఎంత తూకమన్నది పుల్లన్న కంటి మీద ఆధారపడి ఉంది, ఆ కంటి మీద ఇప్పుడు ఎవరికీ నమ్మకం లేదు. నలభై నాలుగుకు అటూ ఇటూ వెంట్రుకవాసి తేడా వస్తే మళ్ళీ గొడవే. అప్పుడు చెవిన పడింది, స్టేజీ వెనక నుంచి భటభటమని ఒక శబ్దం. ఆర్కెస్ట్రావాళ్ళ జనరేటరు! పరిగెత్తాను. జనరేటరు పక్కన ఒకాయన స్టూలు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"అన్నా, ఒక్క ప్లగ్గు ఇయ్యన్నా. మిషనుకు."

"ఏం మిషను? నీ ఫోను చార్జింగా?"

"కాదన్నా, ఆడపిల్లల్ని తూసే మిషను."

ఆయన బీడీ తీసి నన్ను పైనుంచి కిందికి చూశాడు. నేను వరసగా, ఏ కామా లేకుండా, చెనక్కాయల దగ్గర్నుంచి హాస్టలు వరకు చెప్పేశాను. అంతా విని "అయిదు నిమిషాలు. మించితే మా సింగరు మైకు మూగదైపోతాది" అన్నాడు. వైరు లాగి ఇచ్చాడు. టీం మేనేజరుగా ఆ రోజు నేను చేసిన ఒకే ఒక్క పనికొచ్చే పని అది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఎలక్ట్రానిక్ మిషను ఎర్రటి అంకెలు తెరిచింది. షమీమ్ మొదట ఎక్కింది. నలభై నాలుగూ మూడు వందల యాభై. ఆ అమ్మాయి ఏడవలేదు. స్వెట్టరు విప్పి వాళ్ళ నాయన చేతికిచ్చి, పక్కకు జరిగి నిలబడింది. మహబూబ్ బాషా ఆ స్వెట్టరును మడత మీద మడత పెడుతూనే ఉన్నాడు. తర్వాత వన్నూరమ్మ. అంకెలు నలభై నాలుగూ వందకు పోయి, నలభై మూడూ తొమ్మిది వందలకు దిగి, నలభై నాలుగు దగ్గర కాసేపు వణికాయి. నేను కూడా వాటితోపాటే వణికాను. చివరికి నలభై మూడూ తొమ్మిది వందల యాభై దగ్గర నిలబడ్డాయి. మేడం రాసింది. ఈసారి మా చెల్లెలు దిగింది.

రెండు గంటలకు ఆటలు మొదలన్నారు, మొదలయ్యేసరికి మూడైంది. ఆలోగా ఒక అరటిపండు, గ్లాసుడు ఉప్పు మజ్జిగ ఇప్పించాను. అంతకు మించితే కడుపులో తిప్పుతుందని ఆమే వద్దంది. వర్గంలో మిగిలింది నలుగురు. మొదటి ఆటలో తాడిపత్రి అమ్మాయిని రెండు నిమిషాల్లో నేలకు అదిమి పట్టేసింది. నేను అరిచిన అరుపుకు స్టేజీ మీద కీబోర్డు ఆయన తీగ ఊడిపోయిందేమోనని వెతుక్కున్నాడు. ఇక ఫైనలే. ధర్మవరం అమ్మాయితో, ముప్పావుగంట తర్వాత. అటువైపు చూస్తే ఆ అమ్మాయి గోడకు ఆనుకుని దర్జాగా నిద్రపోతోంది. మన పిల్ల మాత్రం నా చెయ్యి పట్టి లాగింది.

"అన్నా, బొరుగులు, బజ్జీలు. ఇప్పుడు తింటా" అంది.

నేను బాణంలా వెనక గేటులోంచి బయటపడ్డాను. మ్యూజికల్ నైట్ జనం కోసం బండ్లు వచ్చేశాయి గానీ నూనె ఇంకా కాగలేదు. బండి ఆయనను తొందరపెడితే "నూనెకు నేను చెప్తే వింటాదా అప్పా?" అన్నాడు. ఇరవై నిమిషాలు నూనె మొహం చూస్తూ నిలబడ్డాను. పొట్లం పట్టుకుని వెనక్కి పరిగెత్తితే గేటుకు తాళం! నాలుగు కాగానే వెనక గేటు మూసి ముందు గేటు తెరుస్తారట. ముందుకు పరిగెత్తాను. అక్కడ బ్యాడ్జీ పెట్టుకున్న ఒకతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"టికెట్టు?"

"నేను జూడోకు వచ్చినానన్నా. మా చెల్లెలు లోపల ఫైనలాడతాంది!"

"జూడోనా? ఈ గేటుకు జూడో ల్యా. ఇది పాటల గేటు."

"అన్నా, నీకు దండం పెడతా."

"దండం నాకు కాదప్పా, కౌంటర్లో పెట్టు. యాభై నుంచి ఉండాయి."

లోపలి నుంచి పెద్ద అరుపు వినిపించింది. ఎవరిని ఎవరు పడేశారో తెలియదు. గోడకు ఇటువైపు నిలబడి అటువైపు అరుపులు వినడమంత నరకం పగవాడికి కూడా వద్దు. యాభై ఇచ్చి, పాటల టికెట్టు కొని, చెల్లెలి జూడో చూడడానికి లోపలికి పోయాను. చిరిగిన టికెట్టు ముక్క నోట్లో, బజ్జీల పొట్లం గుండెకు.

అయిపోయింది. పరుపుల మీద ఎవరూ లేరు. కుర్రాళ్ళు వాటిని చుడుతున్నారు, ఇంకొందరు కుర్చీలు వేస్తున్నారు. వన్నూరమ్మ గ్యాలరీ మొదటి మెట్టు మీద కూర్చుని ఉంది. ఆమె పక్కన షమీమ్. పై వర్గంలో రెండో స్థానం వచ్చిందని ఆమె మెడలోని తెల్ల పతకం చెబుతోంది. ఆ వర్గంలో సీటు మొదటి పిల్లకే. వన్నూరమ్మ మెడలో ఏమీ లేదు. మొహంలోనూ ఏమీ లేదు.

"ఏమైంది మే?"

"తెచ్చినావా?" అని పొట్లం లాక్కుంది.

"ఏమైందని అడుగుతాండా."

ఆమె బజ్జీ కొరికింది. నమిలింది. ఇంకోటి షమీమ్‌కు ఇచ్చింది. బొరుగులు గుప్పెడు తీసి నోట్లో పోసుకుంది. నేను ఎదురుగా నేల మీద కూలబడ్డాను. ఆ పొట్లం అయ్యేదాకా ఆ ఇద్దరూ తింటూనే ఉన్నారు. కాగితానికి అంటిన కారం కూడా వేలితో తీసి నాకింది మా చెల్లెలు. నేను నా జీవితంలో అంతసేపు ఎప్పుడూ ఊపిరి బిగబట్టలేదు.

"ఇంగో పొట్లం తేపో న్నా" అంది చివరికి, మూతి తుడుచుకుంటూ. "హాస్టల్లో బజ్జీలు పెట్టరంట. మేడం చెప్పింది."

ఆమె నడుం పట్టీలో దోపుకున్న పతకం నాకు అప్పుడు కనిపించింది. నేను మళ్ళీ బయటికి పోయాను. కళ్ళలో ఏదో పడింది, మిరపకాయ ఘాటని బండి ఆయనకు చెప్పాను.

ఆ రోజు గురించి రాద్దామని ఇంటర్నెట్ సెంటర్లో కూర్చున్నప్పుడల్లా నాకు మా చెల్లెలి గెలుపు కంటే షమీమ్ వాళ్ళ నాయన చేతుల్లోని స్వెట్టరే ఎక్కువగా గుర్తుకొస్తుంది. మా పిల్ల నిజం పలికింది, దానికి సగం ధర వేరే పిల్ల చెల్లించింది. పలకకపోయి ఉంటే ఇద్దరూ ఒకే వర్గంలో ఎదురెదురుగా ఆడేవాళ్ళు, అప్పుడు ఎవరు గెలిచేవాళ్ళో నాకు తెలియదు, అడిగితే వన్నూరమ్మకూ తెలియదంటుంది. కాటా ఎప్పుడు పెట్టినా కిలో ఎవరిదో ఒకరిది పోతూనే ఉంటుంది కాబోలు. బస్సెక్కే ముందు మహబూబ్ బాషా మా దగ్గరికొచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. ఇంకో ఆరు నూర్ల కోపం మిగిలి ఉందేమోనని నేను ముడుచుకున్నాను. "నీ చెల్లెలు నోరు మంచిదే అప్పా. మా దానికి గూడా నేర్పియ్యమను" అని పోయాడు. మా నాయనకు ఇంటికొచ్చి అంతా చెప్పాం. సీటు సంగతి విని నవ్వాడు. తరుగు సంగతి విన్నాక, "నువ్వట్ల అడిగితే వాడేమన్నాడు?" అని మాత్రం రెండుసార్లు చెప్పించుకున్నాడు.

ఇక వెళ్ళబోయేవారికి ఒక్క సలహా. ఆ స్టేడియంలో సాయంత్రం కచేరీ ఉన్న రోజు మీవాళ్ళ ఆట పెట్టి ఉంటే, నాలుగు గంటల తర్వాత తినే సామాను పొద్దున్నే లోపలికి తెచ్చిపెట్టుకోండి. తప్పక బయటికి పోవలసి వస్తే నాలుగు కొట్టక ముందే వెనక గేటు వాచ్‌మన్‌కు మొహం చూపించి, పేరు చెప్పి పోండి. లేకపోతే నాలాగే యాభై రూపాయల టికెట్టు కొని, ఒక్క పాటా వినకుండా, ఎనిమిదింటి రాయదుర్గం బస్సుకు పరిగెత్తాల్సి వస్తుంది.